గోడ మీద లేని పాచి

ఆ సంవత్సరం మా కంపెనీ రంగు పసుపు.

నితాఖత్ వచ్చిన కొత్త. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలు పనిచేస్తున్నారో చూసి సర్కారు ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు ఇచ్చింది. ఎరుపు వస్తే ఇక తలుపులు మూసుకోవాల్సిందే. ఆకుపచ్చ వస్తే బతికిపోయినట్టు. పసుపు అంటే మధ్యలో వేలాడటం. కొత్త వీసాలు రావు. ఆ దేశంలో ఆరేళ్లు దాటినవాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే కార్డులు, రెన్యూ కావు. పసుపు నుంచి ఆకుపచ్చలోకి ఎక్కాలంటే సౌదీలను చేర్చుకోవాలి, లేదా మాలాంటి బయటివాళ్లను తగ్గించుకోవాలి. మా కంపెనీ రెండూ మొదలుపెట్టింది. ఒక సౌదీని తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టింది. ఇంటికి పంపాల్సినవాళ్ల పేర్లు తీసే పని నాకు అప్పజెప్పింది.

నాకే ఎందుకంటే, ఆ పేర్లు నేను రాసిన యాప్‌లో ఉన్నాయి.

సౌదీ తూర్పు తీరంలో ఖోబర్ చుట్టుపక్కల కాంపౌండ్లలో విల్లాల నిర్వహణ మా కంపెనీ పని. ఏసీ చెడినా, పైపు కారినా, గోడకు రంగు పోయినా మావాళ్లు వెళ్లి బాగుచేసేవాళ్లు. పని అయ్యాక ఫోన్‌తో ఫొటో తీసి పంపాలి. ఆ ఫొటో మీద తేదీ, విల్లా నంబరు ముద్ర పడాలి. ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఆ ఫొటో చూసి పని సరిగ్గా ఉందో లేదో తేల్చాలి. ఈ యాప్ మొత్తం నేనొక్కడినే రాశాను. నా ఇఖామాలో మాత్రం నా వృత్తి 'డేటా ఎంట్రీ గుమాస్తా'. వచ్చినప్పుడు ఏజెంటు దగ్గర దొరికిన వీసా అదే.

మాది కడప జిల్లా. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అల్ అజీజియాలో మా పక్క ఫ్లాట్లలో ఉండే హైదరాబాదీలు నా ఉర్దూ విని నవ్వేవాళ్లు. "మియా, నువ్వు మాట్లాడేది ఉర్దూనా, తెలుగుకు టోపీ పెట్టావా?" అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. కానీ ఆఫీసుకొచ్చే కూలీలలో జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు కనపడితే నాకు ప్రాణం లేచొచ్చేది. వాళ్ల మాట వేరు, నా మాట వేరు. అయినా అది తెలుగు.

యాప్ మొదలుపెట్టిన మొదటి నెల నాకు నరకం. మావాళ్ల చేతుల్లో ఉన్నవి చవక ఫోన్లు. ఫొటో తీసి 'పంపు' నొక్కగానే యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. మేనేజర్ ఉత్తరాదివాడు. హిందీలో తేల్చేశాడు. "యాప్ బాగానే ఉంది. వాళ్లనే మంచి ఫోన్లు కొనుక్కోమను."

"వాళ్లెందుకు కొనుక్కోవాలి సార్? యాప్ మనది," అన్నాను.

"అయితే పది రోజుల్లో సరిచెయ్యి."

జబ్బు ఏమిటో నాకు తెలుసు. ఫొటో అంటే చుక్కల గుంపు. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటాం. ఫోన్ మెమరీ కార్డులో దాచినప్పుడు ఫొటో మడతపెట్టిన దుప్పటిలా చిన్నగా ఉంటుంది, ఒక మెగాబైటుకు అటూ ఇటూ. కానీ దాని మీద ముద్ర వేయాలంటే దుప్పటిని పూర్తిగా పరవాలి. అప్పుడు ప్రతి చుక్కకూ విడిగా చోటు కావాలి. మామూలు పద్ధతిలో చుక్కకు నాలుగు బైట్లు: ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి, ఆ చుక్క ఎంత పారదర్శకమో చెప్పడానికి ఒకటి. ఆ ఫోన్ల కెమెరాలు తీసే ఫొటోలో ముప్ఫై లక్షల చుక్కలు. అంటే పన్నెండు మెగాబైట్లు. ఆ ఫోన్లు ఒక యాప్‌కు ఇచ్చే చోటు మొత్తం కలిపితే పదహారు. నా యాప్‌లో మిగతా సామాను కూడా ఉంది కదా. ఫొటో పరవగానే చోటు చాలక యాప్ కూలిపోయేది.

ఫొటోను చిన్నది చేయొచ్చు. కానీ గోడలో వెంట్రుకంత పగులున్నా కనపడాలి, సైజు తగ్గించడానికి వీల్లేదని మేనేజర్ ముందే చెప్పాడు. అప్పుడు నాకు ఇంకో పద్ధతి గుర్తొచ్చింది. చుక్కకు రెండు బైట్లతో సరిపెట్టే పద్ధతి. రెండు బైట్లంటే పదహారు బిట్లు. ఎరుపుకు ఐదు, ఆకుపచ్చకు ఆరు, నీలానికి ఐదు. పారదర్శకత లేదు. గోడకు పారదర్శకత ఎందుకు? మూడు రంగులకూ సమానంగా పంచితే ఒక బిట్టు మిగులుతుంది. మనిషి కన్ను ఆకుపచ్చలో తేడాలను బాగా పట్టుకుంటుంది కాబట్టి ఆ మిగిలిన బిట్టును ఆకుపచ్చకు ఇచ్చారు.

కోడ్‌లో ఒక్క మాట మార్చాను. పన్నెండు మెగాబైట్లు ఆరయ్యాయి. చవక ఫోన్లన్నీ పనిచేశాయి. నా కుర్చీని ఫొటో తీసి చూశాను, నా టీ కప్పును తీసి చూశాను. తేడా ఏమీ కనపడలేదు. ఎవరికీ ఫోన్ కొనాల్సిన పని పడలేదని ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. తెల్లగోడను మాత్రం తీసి చూడలేదు.

తర్వాత వచ్చాడు ఆ సౌదీ. దమ్మామ్ నుంచి రోజూ సొంత కారులో వచ్చేవాడు. పాతికేళ్లుంటాయి. హోదా క్వాలిటీ ఆఫీసర్. కంపెనీ రంగు మార్చడానికి తెచ్చిన మనిషి, కుర్చీలో కూర్చుని కాఫీ తాగి పోతాడు అనుకున్నాం అందరం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అతను ఫొటోలు చూడటం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎవరూ చూడలేదు. రోజుకు ఇన్ని ఫొటోలు వస్తే ఎవరు చూస్తారు? పైపైన చూసి 'సరే' నొక్కేవాళ్లు. ఇతను ఒక్కో ఫొటోను పెద్దది చేసి, వెలుగు పెంచి, మూలమూలా చూసేవాడు.

రెండు మూడు వారాలకు పెయింటర్ల పనులు వరసగా తిరస్కరణకు గురికావడం మొదలైంది. అన్నిటికీ ఒకటే కారణం రాసేవాడు: గోడ మీద ఆకుపచ్చ చారలు, చెమ్మ ఆరకుండానే రంగు వేశారు, పాచి పైకి తేలుతోంది. ఖోబర్ ఎండాకాలంలో గాలిని పిండితే నీళ్లు కారతాయి. ఏసీ కింద గోడకు పాచి పట్టడం మాకు మామూలు ఫిర్యాదే. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజర్ నన్ను పిలిచి చెప్పాడు. "మూడు తిరస్కరణలు దాటినవాళ్లు ఎవరో నీ యాప్‌లోంచి తీసివ్వు. వాళ్లకు ఫైనల్ ఎగ్జిట్." ఫైనల్ ఎగ్జిట్ అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడం. ముందుగా వాళ్లందరికీ ఒక్కో హెచ్చరిక కాగితం పంపారు, సంతకం చేసి తెమ్మని. నేను జాబితా తీయడం మొదలుపెట్టాను. అవును, మొదలుపెట్టాను. సగం తీశాను కూడా.

ఒక ఉదయం ఒక పెయింటర్ నేరుగా ఆఫీసుకొచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, యాభై దాటి ఉంటాయి. నీళ్ల ట్యాంకరు డ్రైవర్‌ను అడిగి ఎక్కి వచ్చాడట. గోళ్ల సందుల్లో తెల్లరంగు. చేతిలో ఆ హెచ్చరిక కాగితం. నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఫోన్ల పెట్టిన ఆ యాప్ చేసింది నువ్వేనా సార్?"

"నేనే చేసినానన్నా. కూచో."

"కూసునుడు తర్వాత. నా గోడకు పాచి ఉన్నదని రాసిన్రట. ఏడున్నది పాచి? జెర సూపియ్యి."

ఆయన ఫొటో తెరిచి చూపించాను. ఏసీ కింద, నీడ పడే చోట, సన్నటి లేత ఆకుపచ్చ చారలు స్పష్టంగా ఉన్నాయి. ఆయన వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నడుం నిటారుగా చేసుకుని అన్నాడు.

"ఇది నా గోడ గాదు."

"విల్లా నంబరు నీదే కదన్నా. తేదీ కూడా అదే."

"నంబరు నాదే. గోడ నాది గాదు. నా చేతులతోని రంగేసిన గోడ నాకు ఎర్కలేదా? పాత రంగు గీకిన. రెండు దినాలు ఎండనిచ్చిన. పుట్టీ పెట్టి, సాండ్ పేపర్ కొట్టి, ప్రైమర్ ఏసి, దాని మీద రెండు కోట్లు కొట్టిన. పాచి ఏడికెల్లొస్తది?"

సిగ్గుపడాల్సిన మాట ఒకటి అన్నాను. "అన్నా, ఇప్పటికైతే సంతకం పెట్టేయ్. పెట్టకుంటే వాళ్లకింకా కోపమొస్తాది."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. కోపం కాదు. నన్ను లెక్కలోంచి తీసేసిన చూపు.

"కోపమొస్తె రానియ్యి. ఇంటికి పంపుతె పంపనియ్యి. పదకొండేండ్లు పని చేసిన, ఇగ చేసింది సాలు అంటె పోత. కని లేని పాచిని ఉన్నదని నా చేత్తోని రాసియ్య. గీ ఏలు ఇరగ్గొట్టినా రాసియ్య."

జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అద్దం ఒక మూల పగిలిన ఫోన్.

"ఆ దినం తీసిన ఫొటో దీంట్లనే ఉంటది. సూడు."

ఫోన్ లోంచి కార్డు తీసి నా కంప్యూటర్‌లో పెట్టాను. అసలు ఫొటో, కెమెరా తీసింది తీసినట్టు, అందులో ఉంది. తెరిచాను. గోడ తెల్లగా, ఏసీ కింద బూడిదరంగు నీడతో శుభ్రంగా ఉంది. ఒక్క చార లేదు. యాప్ పంపిన ఫొటోను దాని పక్కన పెట్టాను. అదే గోడ, అదే నీడ, దాని మీద పచ్చటి చారలు.

రెండూ చూస్తుండగానే నాకు అర్థమైపోయింది. తెలుపు నుంచి బూడిద రంగుకు మెల్లగా దిగే చోట మూడు రంగులూ కలిసి దిగాలి. నేను ఎంచుకున్న పద్ధతిలో ఎరుపుకు, నీలానికి ముప్ఫైరెండు మెట్లే. ఆకుపచ్చకు అరవైనాలుగు. ఎరుపు, నీలం ఒక్కసారిగా పెద్ద మెట్టు దిగిపోతే ఆకుపచ్చ ఇంకా సగం మెట్టు పైనే నిలబడి ఉంటుంది. అలా నిలబడిన ప్రతిచోటా ఒక పచ్చ చార. కుర్చీ మీద, టీ కప్పు మీద అది కనపడదు. నున్నటి తెల్లగోడ మీద కనపడుతుంది. గోడ ఎంత నున్నగా ఉంటే అంత బాగా కనపడుతుంది. అంటే పని బాగా చేసినవాళ్లకే ఎక్కువ తిరస్కరణలు వచ్చాయి.

పాత రిపోర్టులు తిరగేశాను. పాచి అని రాసిన ప్రతి ఫొటోలోనూ చారలు నీడ దిగే చోటే ఉన్నాయి. గరుకు గోడ మీద ఒక్కటీ లేదు.

"అన్నా, తప్పు నీది కాదు. నాది," అన్నాను.

ఆయన ముఖంలో సంతోషమేమీ కనపడలేదు. "నాకు జెప్తె ఏమొస్తది? నాది కాదని నాకు ముందే ఎరుకే. చెప్పేటోళ్లకు చెప్పు," అని కార్డు తీసుకుని, ఫోన్‌లో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాగితం మాత్రం నా బల్ల మీదే వదిలేశాడు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె వంటింట్లో కింద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. పిల్లలిద్దరూ గదిలో బొమ్మలు వేసుకుంటున్నారు. మొత్తం విని ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"అయితే రేపు పోయి చెప్తావా లేదా?"

"చెప్పినాక నన్ను పంపిస్తే? నా ఇఖామాలో గుమాస్తా అని ఉండాది. గుమాస్తా యాప్ ఎట్లా రాసినాడని వాళ్లు లేబర్ ఆఫీసుకు ఒక్క మాట చెప్తే చాలు."

"రాయించుకున్నెప్పుడు వాళ్లకు తెలీదా నువ్వు గుమాస్తావని?"

"తెలుసు."

"మల్ల దేనికి భయం? చూడు, ఆ పెద్దమనిషిని పంపించేది మేనేజర్ అనుకుంటాండావు. కాదు. నువ్వు. నువ్వు జాబితా ఇస్తేనే పోతాడు. అట్ల ఇచ్చొచ్చి ఈ ఇంట్లో అన్నం పెట్టమంటే మాత్రం నేను పెట్టను."

ఆమె అలాంటి మాట ఊరికే అనదని నాకు తెలుసు.

పొద్దున్నే ఆఫీసుకెళ్లి, ఇంకెవరూ రాకముందే, మెయిల్ రాశాను. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాను. పాచి గోడ మీద లేదు, నేను ఎంచుకున్న పిక్సెల్ పద్ధతిలో ఉంది, తప్పు నాది, పెయింటర్లది కాదు అని నాలుగు వాక్యాలు. మేనేజర్‌కు ఒక్కడికే పంపితే అది అక్కడే ఆగిపోతుందని తెలుసు. అందుకే క్వాలిటీ ఆఫీసర్‌కు, హెచ్‌ఆర్‌కు, ఫోర్‌మన్‌లందరికీ పంపాను.

మేనేజర్ రాగానే పిలుపొచ్చింది. తలుపు వేయమన్నాడు. నేను వేయలేదు, తెరిచే ఉంచాను.

"ఆ మెయిల్ వెనక్కి తీసుకో," అన్నాడు. "పొరపాటుగా పంపానని ఇంకో మెయిల్ రాయి."

"పొరపాటు కాదు సార్."

"నీకు అర్థం కావట్లేదు. వాళ్లలో చాలామందికి ఆరేళ్లు దాటాయి. ఇఖామాలు ఎలాగూ రెన్యూ కావు. పోవాల్సినవాళ్లే. ఏ కారణంతో పోతే ఏంటి?"

"ఏ కారణమైనా ఒకటే అయితే అసలు కారణమే రాయండి. కంపెనీ పసుపులో ఉంది, అందుకే పంపుతున్నామని రాయండి. వాళ్ల పని చెడ్డదని రాయడానికి నా యాప్ ఇవ్వను."

"నీ యాప్?" నవ్వాడు. "నువ్వు డేటా ఎంట్రీ గుమాస్తావి. నీకు యాప్ ఎక్కడిది? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు సార్. గుమాస్తాతో రాయించుకుంది ఎవరో లేబర్ ఆఫీసువాళ్లు కూడా అడుగుతారు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే నమ్మబుద్ధి కాలేదు. మేనేజర్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయేలోపు తెరిచిన తలుపు దగ్గర ఆ సౌదీ ఆఫీసర్ కనపడ్డాడు. చేతిలో నా మెయిల్ ప్రింటు. ఇంగ్లీషులో అడిగాడు.

"నేను చూసింది తప్పంటావా?"

అతని గొంతులో నొప్పి ఉంది. పని రాదు, రంగు కోసం పెట్టుకున్నారు అని వెనక అందరూ అనుకుంటున్నారని అతనికి తెలియకుండా ఉంటుందా? మనసుపెట్టి చేసిన మొదటి పనే తప్పని ఇప్పుడు నేను ఊరందరికీ మెయిల్ పెట్టాను.

"నువ్వు చూసింది నిజమే. పచ్చగానే ఉంది," అన్నాను. "నేను నీకు చూపించిందే అబద్ధం. ఇన్నాళ్లూ ఇక్కడ ఫొటోలు నిజంగా చూసింది నువ్వొక్కడివే. నువ్వు చూడకపోతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు."

అతను కాగితం వైపు, నా వైపు, మేనేజర్ వైపు చూశాడు. జేబులోంచి కారు తాళాలు తీశాడు.

"యల్లా. గోడ దగ్గరికే వెళ్దాం."

మేనేజర్ రాలేదు. పని ఉందన్నాడు. మేమిద్దరం దారిలో కూలీలు ఉండే క్యాంపు దగ్గర ఆగి పెయింటర్‌ను ఎక్కించుకున్నాం. ఆ కారులో చల్లగా ఉంది.

విల్లా ఖాళీగా ఉంది, ఇంకా ఎవరూ దిగలేదు. పడకగదిలో ఏసీ కింద గోడ దగ్గరికి వెళ్లాం. తెల్లటి గోడ. కిటికీ తెర తీస్తే వెలుగు దాని మీద పడి జారిపోతోంది. ఆఫీసర్ మొదట చూపుతో వెతికాడు. తర్వాత అరచేత్తో రుద్దాడు. తర్వాత టిష్యూ తడిపి రుద్దాడు. టిష్యూ తెల్లగానే వచ్చింది. పెయింటర్ చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఇంకింత గట్టిగ రుద్దుమను," అన్నాడు నాతో. "నా రంగు పోదు."

ఆఫీసర్ వెనక్కి తిరిగాడు. కాసేపు ఆయన చేతుల వైపే చూశాడు. "సామెహ్‌నీ, యా అమ్మీ," అన్నాడు. నన్ను క్షమించు బాబాయ్ అని.

'ఫర్వాలేదు' అనడానికి అక్కడ మేమందరం రోజుకు వందసార్లు 'మాఫీ ముష్కిలా' అంటాం. తిట్టినా అంటాం, నెట్టినా అంటాం. పెయింటర్ ఆ మాట అనలేదు. అరబ్బీ ఆయనకు బాగానే వచ్చు. అయినా నా వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు.

"కాయితం చింపుమను. నాదొక్కటే గాదు, అందరియి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసర్ తలూపాడు. ఆఫీసుకు తిరిగి వచ్చాక ఆ తిరస్కరణలన్నీ తన పేరుతోనే ఒక్కొక్కటిగా రద్దు చేశాడు. పక్కన కారణం కూడా రాశాడు: కెమెరా కాదు, పెయింటర్ కాదు, యాప్ తప్పు. హెచ్చరిక కాగితాలు హెచ్‌ఆర్ నుంచి వెనక్కి వస్తే చింపేశాడు. జాబితా నేను ఇవ్వలేదు. తీసిన సగం కూడా చెరిపేశాను.

యాప్‌ను రెండు రోజుల్లో మార్చాను. ఫోన్‌లో ఫొటోను తెరవడమే మానేశాను. కెమెరా ఎలా మడిచి ఇస్తే అలాగే ఆఫీసుకు పంపి, ముద్ర వేసే పని ఆఫీసు కంప్యూటర్‌కు అప్పగించాను. దానికి చోటుకు కొదవ లేదు. ఈ దారి మొదటి రోజే ఎందుకు తట్టలేదని నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. పది రోజుల్లో చెయ్యాలన్న తొందర ఒకటి. చవక ఫోన్లను గెలిపించానన్న పొగరు ఇంకొకటి.

మేనేజర్ నన్ను వదల్లేదు. మరుసటి వారమే యాప్ నా దగ్గర్నుంచి తీసేసి, 'నీ ఇఖామాలో ఉన్న పని చెయ్యి' అని ఒక గదిలో కూర్చోబెట్టాడు. పాత బిల్లుల నంబర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించాను. నాలుగు నెలలు ఎక్కించాను, ఒక్క అంకె తప్పుపోకుండా. నేను బతిమాలుతానని ఆయన ఎదురుచూశాడు. బతిమాలలేదు. ఇంకో కంపెనీ నన్ను తీసుకుంటామన్నప్పుడు కబురు పంపాడు, కఫీల్ రిలీజ్ ఇవ్వడని. కఫీల్ అంటే మాకు స్పాన్సర్. ఆయన అనుమతి లేకుండా కంపెనీ మారడం అంతకుముందు కుదిరే పని కాదు.

కానీ నితాఖత్ మా మెడ మీద కత్తి పెట్టి, మా చేతికి ఒక తాళంచెవి కూడా ఇచ్చింది. ఆకుపచ్చ కంపెనీలు పసుపు కంపెనీల మనుషులను కఫీల్ అనుమతి లేకుండానే తీసుకోవచ్చు. ఆ సంగతి మేనేజర్‌కూ తెలుసు. మాకు తెలియదనుకున్నాడు. నేను లేబర్ ఆఫీసుకెళ్లి, వరసలో నిలబడి, నా బదిలీ కాగితాలు నేనే పెట్టుకున్నాను. కొత్త ఇఖామాలో వృత్తి దగ్గర 'ప్రోగ్రామర్' అని రాయించుకున్నాను. ఆ దారి క్యాంపులో అందరికీ చెప్పాను. అరబ్బీ ఫారాలు నింపడం రానివాళ్లకు శుక్రవారాలు వెళ్లి నింపి పెట్టాను. మా పెయింటర్, ఆయనతో పాటు ఇంకొందరు, జిజాన్‌లో కొత్త ఇళ్లు కడుతున్న ఒక ఆకుపచ్చ కంపెనీలోకి మారారు. దేశానికి ఈ కొస నుంచి ఆ కొస.

వెళ్లిన కొన్నాళ్లకు ఫోన్ చేశాడు.

"ఈడ మామిడిపండ్లు మస్తు దొరుకుతయి తమ్మీ," అన్నాడు. నన్ను సార్ అనడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. "ఫొటోలు గీటోలు అడగరు. ఇంజనీరే వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి సూస్తడు."

"మంచిదే కదన్నా."

"మంచిదే. నీ యాప్ సక్కగైందా మరి?"

"నా చేతిలో లేదిప్పుడు. సక్కగ చేసే ఇచ్చినా."

"ఆఁ. అట్లనే ఉండాలె," అన్నాడు. అంతకు మించి ఆ విషయం మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన జిజాన్‌లో ఇంకో నాలుగేళ్లు పనిచేసి, తనకు చాలనిపించినప్పుడు ఇంటికి వెళ్లాడు. ఎవరూ పంపలేదు.

కొన్నేళ్లకు కుటుంబాల మీద లెవీ వచ్చింది. భార్యాపిల్లల్లో ఒక్కొక్కరికీ నెలకు ఇంత అని కడితేనే వాళ్ల ఇఖామాలు నడుస్తాయి. ఏటేటా అది పెరుగుతూ పోయింది. అజీజియాలో మా బిల్డింగు ఒక్కో అంతస్తూ ఖాళీ అయింది. కుటుంబాలను పంపేసి మగవాళ్లు నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకునేవాళ్లు. నా కొత్త కంపెనీలో కూడా మంచిగానే చెప్పారు. "వాళ్లను పంపించు, నువ్వుండు. నీ పని మాకు కావాలి."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"పంపించేదానికి నేనేమన్నా పార్సిలా? వచ్చిననాడు కలిసే వస్తిమి. పోతే నలుగురం పోదాం. అది కూడా పిల్లల పరీక్షలు అయినాక, మనం అనుకున్నెప్పుడు."

కంపెనీకి అదే చెప్పాను. ఇంకో రెండు నెలలు ఆలోచించుకోమన్నారు. ఆలోచించాల్సింది ఏమీ లేదన్నాను. పిల్లల పరీక్షలు అయ్యేదాకా లెవీ కట్టి, అయ్యాక నలుగురికీ ఎగ్జిట్ పెట్టించుకున్నాను.

చివరి వారం సామాన్లు అమ్మకానికి పెట్టాం. అప్పటికి అజీజియాలో సగం ఇళ్లు సామాన్లు అమ్ముకుంటున్నాయి. పాత సామాన్ల వ్యాపారి ఒకడు వచ్చి గది మధ్యలో నిలబడి, వాషింగ్ మెషీన్‌ను కాలితో తట్టి ఒక ధర చెప్పాడు. కొత్త బకెట్ కూడా రాని ధర.

"మీరెలాగూ వదిలేసి పోవాల్సిందే కదా అక్కా," అన్నాడు ఉర్దూలో. "నేను కాకపోతే ఎవరు కొంటారు?"

మా ఆవిడ వెళ్లి తలుపు తెరిచి పట్టుకుంది. వాడు వెళ్లిపోయాక కింది అంతస్తులో ఉండే కేరళ నర్సును పిలిచింది. ఆ అమ్మాయి ఇంకా రెండేళ్లు ఉండబోతోంది. మెషీన్ ఆమెకు ఊరికే ఇచ్చేసింది. నేనూ, నర్సు భర్తా చెరో వైపు పట్టుకుని మెట్లు దింపుతుంటే, పైనుంచి మా ఆవిడ మెషీన్ పైపు చేతిలో పట్టుకుని అరుస్తోంది, గోడకు తగిలించొద్దు, మెల్లగా తిప్పండి అని.